ఈ గడియారం ఎవరికి లెక్క చెప్పాలి?

బంజారాహిల్స్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే వేళకు చేతి గడియారం సగటున పన్నెండూ పదహారు చూపిస్తుంది. భారత ప్రామాణిక కాలాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద లెక్కగట్టారు. ఆ రేఖ మన తీరాన్ని కాకినాడకు ఈశాన్యంగా, తుని వైపు తాకుతుంది. బంజారాహిల్స్ ఉన్నది 78.4 డిగ్రీల దగ్గర. ఒక్కో డిగ్రీ దాటడానికి సూర్యుడికి 4 నిమిషాలు పడుతుంది కనుక, ఆ తీరానికి మధ్యాహ్నమైన 16 నిమిషాలకు గానీ ఈ గుట్టలకు మధ్యాహ్నం కాదు. ఈ పదహారు కూడా సగటు మాత్రమే. భూమి కక్ష్య నిండు వృత్తం కాకపోవడం వల్ల, ఇరుసు వాలి ఉండడం వల్ల ఫిబ్రవరి రెండో వారంలో ఇక్కడి అసలు మధ్యాహ్నం పన్నెండున్నరకు అవుతుంది, నవంబరు మొదట్లో పన్నెండింటికే అయిపోతుంది.

ఫిల్మ్‌నగర్‌లో కొత్త సినిమాకు ముహూర్తం పెట్టే సిద్ధాంతిగారికి ఈ తేడా బాగా తెలుసు. లగ్నాన్ని ఊరి రేఖాంశానికి కడతారు. కాకినాడకు కట్టిన లగ్నం హైదరాబాద్‌కు పనికిరాదు. దైవసన్నిధానం గుడిలో దేవుడి పటాల మీద తొలి క్లాప్ కొట్టే క్షణం లెక్క చెప్పేది ఈ ఊరి తూర్పు దిక్కుకు. ఆ తర్వాత షూటింగ్ మొదలవుతుంది. ఫ్లోర్ మీద కెమెరాలోని గడియారానికి సూర్యుడితో పని లేదు, ఢిల్లీ చెప్పే ప్రామాణిక కాలంతోనూ పని లేదు. పక్కనున్న సౌండ్ రికార్డర్‌లోని గడియారంతో అది కలిస్తే చాలు. ఏడాదికి సినిమా పూర్తయి థియేటర్‌కు చేరాక, అక్కడి సర్వర్‌లోని గడియారం ప్రపంచమంతటికీ ఒకటే అయిన సమన్వయ సార్వత్రిక కాలానికి, అంటే యూటీసీకి కట్టుబడి ఉండాలి. లేకపోతే బొమ్మ పడదు.

మూడింటినీ మనం సరైన టైమ్ అనే అంటాం. కానీ యంత్రంలో గడియారం పెట్టబోయే ఇంజనీరు ముందుగా తేల్చుకోవలసింది, ఈ గడియారం ఎవరికి లెక్క చెప్పాలి అన్నది. ఆ ప్రశ్నకు జవాబు దొరికితే సగం పని అయినట్టే. అది అడగకుండా టైమ్ పెట్టేసి వచ్చే తిప్పలే ఎక్కువ.

ఇలాంటి యంత్రాలను నడిపే రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ అనగానే చాలామంది వేగంగా పనిచేసేది అనుకుంటారు. దానికి వేగం కన్నా మాట నిలబెట్టుకోవడం ముఖ్యం. రెండు మిల్లీసెకన్లలో మోటారుకు ఆజ్ఞ పంపుతానంటే, ఎన్ని పనులు మీదపడినా ఆ రెండు మిల్లీసెకన్లు దాటనివ్వకూడదు. షూటింగ్‌లో ఎగిరే డ్రోన్, కెమెరా కుదుపును అణిచే గింబల్ వంటి వాటిలో ఇలాంటి వ్యవస్థలే ఉంటాయి. పీఎక్స్4 అనే పేరున్న డ్రోన్ సాఫ్ట్‌వేర్ నటెక్స్ అనే రియల్ టైమ్ వ్యవస్థ మీద నడుస్తుంది. చిన్న చిన్న పరికరాల్లో ఫ్రీఆర్‌టీఓఎస్ విరివిగా కనిపిస్తుంది. 2003లో వచ్చిన ఈ వ్యవస్థ మూలంలో తేదీ అంటూ ఏమీ ఉండదు. స్విచ్ వేసినప్పటి నుంచి ఎన్ని టిక్కులు గడిచాయో ఒక అంకె లెక్కబెడుతూ పోతుంది, అంతే. సాధారణంగా సెకనుకు వెయ్యి టిక్కులు పెట్టుకుంటారు.

తేదీ తెలియని వ్యవస్థ లోపభూయిష్ఠమని మొదట అనిపించవచ్చు. నిజానికి అందులో గొప్ప వివేకం ఉంది. గింబల్‌కు కావలసింది ఇప్పుడు గంటెంత అన్న సంగతి కాదు. కిందటిసారి కొలిచినప్పటి నుంచి ఎంతసేపైంది అన్నదే. ఆ సేపుతో కోణంలో వచ్చిన మార్పును భాగించి కెమెరా ఎంత వేగంగా ఒరుగుతోందో కనిపెట్టి, మోటారును ఎదురు తిప్పుతుంది. ఈ సేపును గోడ గడియారం నుంచి తీసుకున్నారనుకోండి. షాట్ మధ్యలో ఎవరో టైమ్ మూడు సెకన్లు వెనక్కి దిద్దారు. గడిచిన సేపు రుణాత్మకం అయిపోతుంది. కెమెరా కుడికి ఒరుగుతుంటే ఎడమకు ఒరుగుతోందని లెక్క వస్తుంది. మోటారు విసురుగా తప్పు దిక్కుకు తిరుగుతుంది. ముందుకు దిద్దినా క్షేమం కాదు. మూడు సెకన్లలో జరగవలసిన పనులన్నీ గడువు దాటిపోయినట్టు కనిపించి ఒక్కసారిగా మీదపడతాయి.

అందుకే మంచి వ్యవస్థల్లో రెండు గడియారాలు వేరువేరుగా ఉంటాయి. ఒకటి ఎన్నడూ వెనక్కి పోనిది, ఎవరూ దిద్దలేనిది. ఆపరేటింగ్ సిస్టమ్‌ల కోసం రాసిన పాసిక్స్ ప్రమాణంలో దాని పేరు క్లాక్ మోనోటానిక్. రెండోది మనుషుల కోసం తేదీ, గంట చెప్పేది. అది క్లాక్ రియల్‌టైమ్. టైమ్ పెట్టడం అంటే రెండోదాన్ని ముట్టుకోవడమే. మొదటిదాని జోలికి పోకూడదు. మోటార్లు, గడువులు, నిరీక్షణలు అన్నీ మొదటిదాన్ని పట్టుకుని నడిస్తే, రెండోదాన్ని ఎంత తిప్పినా యంత్రం తొణకదు. ఈ ఒక్క నియమం పాటిస్తే రియల్ టైమ్ గడియారాల బాధల్లో ఎక్కువ భాగం పుట్టనే పుట్టవని నా నమ్మకం.

మొదటి గడియారానికీ ఒక చిక్కు ఉంది. 32 బిట్ల అంకెలో మిల్లీసెకన్లు లెక్కపెడితే 49 రోజుల 17 గంటలకు అది నిండిపోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 'ఇప్పటి టిక్కు గడువు కన్నా పెద్దదా' అని పోల్చే ప్రోగ్రాం ఆ రోజు దారి తప్పుతుంది. 'ఇప్పటి టిక్కులోంచి అప్పటి టిక్కు తీసివేస్తే ఎంత' అని అడిగే ప్రోగ్రాం తప్పదు, ఎందుకంటే గుర్తులేని అంకెల తీసివేత సున్నాను దాటి కూడా సరైన తేడానే ఇస్తుంది. ఒక్క వరుస కోడ్‌లో ఉన్న తేడా ఇది. యాభై రోజులు నిలువునా నడిపి చూస్తే తప్ప పరీక్షలో బయటపడదు.

లెక్కించేదాన్ని పూర్ణాంకాల్లోనే ఉంచాలని 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో జరిగిన ఘోరం చెబుతుంది. అక్కడి పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ సెకనులో పదోవంతు చొప్పున కాలాన్ని లెక్కించేది. ఆ లెక్కలో తప్పు లేదు. దాన్ని సెకన్లుగా మార్చడానికి పదోవంతుతో గుణించేవారు. పదోవంతు ద్విసంఖ్యామానంలో అంతులేని భిన్నం. దాన్ని 24 బిట్లకు కత్తిరించారు. ఒక్కో టిక్కులో కోటో వంతు సెకను తేడా. నూరు గంటలు ఆపకుండా నడిచేసరికి అది 0.34 సెకన్లకు చేరింది. దూసుకొచ్చే స్కడ్ క్షిపణి ఆ వ్యవధిలో అర కిలోమీటరు దాటిపోతుంది. రాడార్ తప్పు చోట వెతికింది. 28 మంది అమెరికా సైనికులు చనిపోయారు.

ఇక టైమ్ పెట్టే పనికి వద్దాం. కరెంటు పోయినా తేదీ మరిచిపోకుండా ఉండేందుకు బోర్డు మీద బటన్ బ్యాటరీతో నడిచే చిన్న చిప్ ఒకటి ఉంటుంది. ఆర్‌టీసీ అంటారు. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కుర్రాళ్లంతా కోఠీ గుజరాతీ గల్లీలో కొనేది ఎక్కువగా డీఎస్1307 లేదా డీఎస్3231. డీఎస్1307కు మొదటిసారి కరెంటు ఇచ్చినప్పుడు అది నడవదు. సెకన్ల అర ఉన్న బైట్‌లో ఒక బిట్ 'ఆగు' అని ఉంటుంది. సెకన్లు రాసి ఆ బిట్‌ను సున్నా చేస్తేనే స్ఫటికం కంపించడం మొదలుపెడుతుంది. ఇది తెలియక చిప్ పాడైందని పారేసినవారు ఎందరో ఉంటారు.

చదవడంలో కూడా జాగ్రత్త కావాలి. టైమ్ 10:59:59 దగ్గర ఉన్నప్పుడు ముందు గంట చదివాం, 10 వచ్చింది. అంతలో నిమిషం మారింది. ఇప్పుడు నిమిషాలు, సెకన్లు చదివితే సున్నా, సున్నా. మన చేతికి వచ్చింది 10:00:00. ఒక గంట పోయింది. అందుకని అరలన్నీ ఒకే విడతలో చదవాలి, లేదా రెండుసార్లు చదివి రెండూ ఒకటైతేనే నమ్మాలి. రాసేటప్పుడు ఇదే సంగతి మనకు ఉపయోగపడుతుంది. ఈ చిప్‌లో సెకన్ల అర రాసిన క్షణాన లోపలి విభజన గొలుసు సున్నాకు వస్తుంది, కొత్త సెకను అక్కడి నుంచే మొదలవుతుంది. అంటే రాయవలసిన అంకె ఎంత ముఖ్యమో, రాసే క్షణం అంత ముఖ్యం.

ఆ క్షణం ఎక్కడ దొరుకుతుంది? జీపీఎస్ రిసీవర్‌లో దొరుకుతుంది. అది రెండు తీగల మీద మాట్లాడుతుంది. ఒక తీగ మీద సెకనుకు ఒక్క కరెంటు పోటు, మైక్రోసెకను కన్నా సన్నని కచ్చితత్వంతో వస్తుంది. రెండో తీగ మీద తేదీ, గంట, నిమిషం అక్షరాలుగా వస్తాయి, కానీ పోటు పడ్డాక వందల మిల్లీసెకన్ల ఆలస్యంతో. పోటు ఎప్పుడో చెబుతుంది, ఏ సెకనో చెప్పదు. అక్షరాలు ఏ సెకనో చెబుతాయి, ఎప్పుడో చెప్పవు. అక్షరాలు అందిన వెంటనే టైమ్ రాసేస్తే అర సెకను దాకా వెనకబడతాం. అక్షరాల్లోని టైమ్‌కు ఒక సెకను కలిపి సిద్ధంగా పెట్టుకుని, తర్వాతి పోటు పడగానే రాయడమే సరైన పద్ధతి.

జీపీఎస్ మాటను కూడా మొదటి నిమిషంలోనే నమ్మకూడదు. దాని సొంత కాలం యూటీసీ కన్నా 18 సెకన్లు ముందుంది, ఎందుకంటే 1980 తర్వాత యూటీసీలో కలిపిన లీపు సెకన్లు జీపీఎస్ కాలంలో కలపలేదు. ఆ 18 అన్న సమాచారం ఉపగ్రహం పంపే సందేశంలో పన్నెండున్నర నిమిషాలకు ఒకసారే వస్తుంది. అది అందేదాకా రిసీవర్ తన జ్ఞాపకంలోని పాత అంకెనే వాడుకుంటుంది. వారాల లెక్కకూ హద్దుంది. పాత సంకేతంలో దానికి 10 బిట్లే కేటాయించారు కనుక 1024 వారాలకు తిరిగి సున్నా అవుతుంది. 2019 ఏప్రిల్ 6న అలాగే అయింది. జాగ్రత్తపడని పాత పరికరాలు దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాయి.

ఇంత కష్టపడి సరిగ్గా పెట్టిన గడియారం పెట్టిన మరుక్షణం నుంచే తప్పడం మొదలుపెడుతుంది. ఎంత తప్పుతుందన్నది ఎండను బట్టి ఉంటుంది. వాచీలో వాడే క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ అంకెను పదిహేనుసార్లు సగం చేస్తే ఒకటి వస్తుంది, అందుకే దాన్ని ఎంచుకున్నారు. స్ఫటికం సుమారు 25 డిగ్రీల దగ్గర నిక్కచ్చిగా ఉంటుంది. అక్కడి నుంచి వేడెక్కినా చల్లబడినా నెమ్మదిస్తుంది. తేడా డిగ్రీల వర్గం చొప్పున పెరుగుతుంది, డిగ్రీ వర్గానికి పది లక్షల్లో 0.035 వంతు. మే నెలలో జూబ్లీహిల్స్ రోడ్డు మీద 42 డిగ్రీలంటే పది లక్షలకు పది వంతులు, రోజుకు ముప్పాతిక సెకను పైచిలుకు. ఎండలో నిలబెట్టిన నల్లటి పరికరం లోపల 55 డిగ్రీలైతే ముప్పై వంతులు దాటుతుంది.

ఇది షూటింగ్‌కు ఏమవుతుందో లెక్కగట్టి చూద్దాం. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కో ఫ్రేము 41.7 మిల్లీసెకన్లు. కెమెరా ఎండలో 55 డిగ్రీల వద్ద, రికార్డర్ ఏసీ క్యారవాన్ నీడలో 25 డిగ్రీల వద్ద ఉండి, రెండింటిలోనూ ఈ వాచీ స్ఫటికమే ఉంటే 22 నిమిషాలకే ఒక ఫ్రేము తేడా వస్తుంది. ఒక గంటకు దాదాపు మూడు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కొలతల ప్రకారం శబ్దం బొమ్మ కన్నా 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనిషికి తెలిసిపోతుంది. వెనకబడితే 125 మిల్లీసెకన్ల దాకా తెలియదు. కారణం ప్రకృతిలోనే ఉంది. దూరాన చాకిరేవులో బట్టలు ఉతికే శబ్దం ఎప్పుడూ దెబ్బ కనబడ్డాకే వినబడుతుంది. మాట పెదవి కన్నా ముందు రావడం మన చెవి ఎన్నడూ ఎరగదు.

అందువల్ల ఒక్కో ఫ్రేముకు టైమ్ ముద్ర వేసే టైమ్‌కోడ్ పరికరాల్లో ఉష్ణోగ్రతను కొలిచి తనను తాను దిద్దుకునే స్ఫటికాలు వాడతారు. పది లక్షలకు 0.2 వంతుల తేడాతో నడిచేది ఒక ఫ్రేము తప్పడానికి 58 గంటలు పడుతుంది. పొద్దున షూటింగ్ మొదలయ్యే ముందు సౌండ్ మనిషి తన మాస్టర్ నుంచి కెమెరాలన్నింటికీ టైమ్‌కోడ్ జామ్ చేస్తాడు, అంటే అన్నింటినీ ఒకే అంకెకు కలుపుతాడు. బ్యాటరీ మార్చాక, భోజన విరామం తర్వాత మళ్లీ చేస్తాడు. అన్నీ కలిపి మూడు గంటలు తప్పు చూపించినా ఎడిటింగ్ గదిలో ఇబ్బంది లేదు. ఒక్కొక్కటీ ఢిల్లీ టైమ్‌కు సెకను లోపల ఉండి, వాటి మధ్య సెకను తేడా ఉంటే మాత్రం ఇరవై నాలుగు ఫ్రేములు గల్లంతు. ఫ్లోర్ మీద గడియారాలు ఒకదానికొకటి లెక్క చెప్పాలన్నది ఇందుకే.

తెలుగు సినిమా చాలాకాలం ఈ అవసరాన్ని డబ్బింగ్‌తో దాటేసింది. యారీ 2సీ వంటి కెమెరాలు గట్టిగా చప్పుడు చేసేవి. సెట్ మీద మాట ఆనవాలుకు పనికొచ్చే పైలట్ ట్రాక్‌గానే ఉండేది, అసలు గొంతు తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో పలికించేవారు. అక్కినేని నాగేశ్వరరావు 1976లో బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలుపెట్టిన రోజుల్లో గానీ, రామానాయుడు 1989లో ఫిల్మ్‌నగర్ గుట్ట మీద స్టూడియో కట్టిన రోజుల్లో గానీ పద్ధతి అదే. అయినా ఒక్క విషయంలో తప్పించుకోలేకపోయారు: పాట. పాట ముందే రికార్డయి ఉంటుంది. సెట్ మీద దాన్ని నాగ్రా టేప్ రికార్డర్‌లో వినిపిస్తే నటులు పెదవులు కలుపుతారు. స్విట్జర్లాండ్‌లో స్టెఫాన్ కుదెల్స్కీ 1951లో తొలి నాగ్రాను తయారుచేశాడు. టేపు వేగం, కెమెరా వేగం మధ్య నూటికి ఒక్క వంతు తేడా వచ్చినా నాలుగు నిమిషాల పాటలో దాదాపు రెండున్నర సెకన్లు జారిపోతుంది. క్లాప్ కొట్టి మొదలు కలిపినా ఫలితం ఉండదు, ఎందుకంటే క్లాప్ ఒక క్షణాన్ని కలుపుతుంది, నడకను కలపలేదు. కెమెరా మోటారుకు స్ఫటిక నియంత్రణ వచ్చాకే ఆ బాధ తీరింది. స్లో మోషన్ పాటకు కెమెరాను 48 ఫ్రేముల వద్ద తిప్పి, పాటను రెట్టింపు వేగంతో వినిపించే నేర్పు కూడా ఈ లెక్క మీదే నిలిచింది. అంత వేగంగా పరుగెత్తే ఆ పాటకు పెదవి కలుపుతూ చిరునవ్వు చెదరకుండా నర్తించిన మన నటీనటుల మీద నాకు ఎనలేని గౌరవం.

'లగాన్' 2001లో సెట్ మీద మాటనే వాడి దేశమంతటికీ దారి చూపాక ఈ గడియారాల పని మరింత పెరిగింది. ఇప్పుడు అన్నపూర్ణలో క్యూబ్ సంస్థతో కలిసి నెలకొల్పిన వర్చువల్ ప్రొడక్షన్ వేదిక మీద మరో మెట్టు ఎక్కాలి. ఎల్ఈడీ గోడ మీద కదిలే దృశ్యం ముందు నటుడు నిలబడతాడు. కెమెరా కదిలితే గోడ మీది దృశ్యం కూడా ఆ కోణానికి మారాలి. కెమెరా షట్టర్ తెరుచుకునే క్షణం, గోడ బొమ్మ మార్చుకునే క్షణం, కంప్యూటర్ కొత్త బొమ్మ గీసి ఇచ్చే క్షణం మూడూ ఒకే సంకేతానికి బద్ధమై ఉండాలి. నడక ఒకటైనా అడుగు ఒకటి కాకపోతే, తెర మీద సగం పాత బొమ్మ, సగం కొత్త బొమ్మ పడుతుంది. ఇక్కడ గంటెంత అన్న ప్రశ్నే రాదు.

గంటెంత అన్న ప్రశ్న తిరిగి వచ్చేది థియేటర్‌లో. హాలీవుడ్ సంస్థలు 2002లో ఏర్పరచుకున్న డీసీఐ సంఘం 2005లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం సినిమా తాళం వేసిన ఫైళ్లుగా వెళుతుంది. తాళంచెవి వేరుగా వస్తుంది, దాన్ని కేడీఎం అంటారు. ఏ సర్వర్ మీద, ఏ క్షణం నుంచి ఏ క్షణం వరకు తెరవవచ్చో అందులోనే రాసి ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి అభిమానుల ఆట పడాలంటే, యూటీసీ లెక్కలో అది ముందురోజు రాత్రి పదిన్నర. తేదీ ఒకరోజు అటూ ఇటూ రాస్తే హాలు నిండా జనం, తెర మాత్రం చీకటి.

గడియారం యజమాని చేతిలో ఉంటే గడువు ముగిసిన తాళంచెవితో నెలలపాటు ఆట ఆడించుకోవచ్చు. కనుక ఈ గడియారాన్ని కవచం లోపల సొంత బ్యాటరీతో పెట్టారు. బయటి నుంచి ఏడాది మొత్తానికి ఆరు నిమిషాలకు మించి దిద్దనివ్వదు. బ్యాటరీ అయిపోతే ఆ పెట్టె ఫ్యాక్టరీకి తిరిగి వెళ్లాల్సిందే. మామూలు కంప్యూటర్లలో తప్పును దూకి దిద్దాలా, నెమ్మదిగా నడక మార్చి దిద్దాలా అన్నది సాఫ్ట్‌వేర్ ఎంచుకుంటుంది. నెట్‌వర్క్ మీదుగా టైమ్ దిద్దే ఎన్‌టీపీ పద్ధతిలో 128 మిల్లీసెకన్ల లోపు తేడా అయితే నడకే మారుస్తుంది, పది లక్షలకు 500 వంతుల మించకుండా. ఆ లెక్కన ఒక సెకను దిద్దడానికి 33 నిమిషాలు పడుతుంది. థియేటర్ గడియారం మాత్రం ఆ నిగ్రహాన్ని చట్టంగా మార్చుకుంది.

ఏడాదికి ఆరు నిమిషాలంటే పది లక్షలకు 11 వంతుల పైచిలుకు, రోజుకు ఒక సెకను. వేసవిలో 42 డిగ్రీల వద్ద మామూలు స్ఫటికం తప్పే తప్పు పదని పైన చూశాం. ప్రొజెక్టర్ గదిలో ఏసీ పాడై పరికరం ఇంకా వేడెక్కితే ఆ హద్దు దాటిపోతుంది, ఏడాది గడవకముందే దిద్దుకునే భత్యమంతా ఖర్చవుతుంది. సంక్రాంతికి పెద్ద సినిమా పెట్టుకున్న హాలు డిసెంబరులో కాక, ఏప్రిల్ నుంచే నెలకోసారి సర్వర్ టైమ్‌ను యూటీసీతో పోల్చి, తేడా సెకన్లలో ఉండగానే దిద్దుకుంటూ రావాలి. ఏసీకి పెట్టే ఖర్చులో ఆ పెట్టె లోపలి స్ఫటికం వాటా కూడా ఉంది.